చలమయ్యగారి కళ్ళు

సత్తెనపల్లిలో కళకి గౌరవం లేదని ఎవరైనా అంటే నమ్మకండి. గౌరవం బస్తాల కొద్దీ ఉంది. పానకాలు బందరులో రెండేళ్ళు బొమ్మలెయ్యడం నేర్చుకుని, మంగళగిరిలో మగ్గం ముందు కూర్చోమన్న తండ్రితో పోట్లాడి, రంగుల పెట్టె చంకన పెట్టుకుని ఈ ఊళ్ళో బస్సు దిగినప్పుడు మిరపకాయల కమీషను కొట్లవాళ్ళు లేచి నిలబడి మరీ దణ్ణం పెట్టారు. పెట్టి, "బాబూ, మా బోర్డు మీద అక్షరాలు కాస్త లావుగా రాయి, బండి మీద కునికిపాట్లు పడేవాడిక్కూడా కనపడాలి" అన్నారు. అప్పుడే ఎన్నికలు కూడా వచ్చిపడ్డాయి. ఇటు గోడ మీద కాడెద్దులు, అటు గోడ మీద కంకి కొడవలి, రెండూ పానకాలే వేశాడు. ఓడినవాళ్ళు ఎద్దులకి అంత కళ ఎందుకు పెట్టావని తిట్టారు. గెలిచినవాళ్ళు అసలు మాట్లాడటమే మానేశారు.

అతను అద్దెకున్నది రోశయ్యగారి పాత పత్తి గోడౌనులో. రోశయ్యగారికి పత్తి మిల్లుంది, మిరప కొట్టుంది, అలాంటి గోడౌన్లు మూడున్నాయి. ఈ మూడోదాని కప్పు కారుతోందని పత్తి తీసేసి మనిషిని పెట్టాడు. తడిస్తే పత్తి పాడవుతుంది, మనిషికేం? అయితే దానికి ఉత్తరం వైపు నిలువెత్తు కిటికీలు రెండున్నాయి. పొద్దుటినుంచి సాయంత్రం దాకా వెలుగు మారకుండా నిలకడగా వస్తుంది. బొమ్మలేసేవాడికి అంతకన్నా స్వర్గం లేదు. పైగా పెళ్ళి కానివాడికి, అందులోనూ రంగులు పూసుకునేవాడికి, ఆ ఊళ్ళో ఇంకెవరిల్లిస్తారు?

స్వర్గంలో ఎలుకలుంటాయని మాత్రం అతనికెవరూ చెప్పలేదు. బొమ్మ గుడ్డకి రంగు పట్టాలంటే ముందు చింతపిక్కల గంజి పట్టించాలి. పట్టించి, ఆరేసి, పడుకుని లేచేసరికి గుడ్డ ఉండేది కాదు, అంచులుండేవి. ఊరు మొత్తం మీద కళని అంతగా ఆస్వాదించినవి ఆ ఎలుకలే. అలా మూడు గుడ్డలు పోయాక, మిరప్పండు రంగులో ఉన్న ఒక ఆడపిల్లి కిటికీలోంచి దూకి వచ్చింది. ఒక రోజులో నాలుగు ఎలుకల్ని వరసగా అతని చాప పక్కన పేర్చింది. పానకాలు దానికి ఇంగిలీకం అని ఎర్ర రంగు పేరు పెట్టుకున్నాడు. దాని వెనకే కాటుక అనే నల్ల గండుపిల్లి, సున్నం, బూడిద అనే మరో రెండు సోమరిపోతులు చేరాయి. పట్టేది ఇంగిలీకం, తినేది మిగతా మూడూ. లోకం తీరే అంత.

ఇంగిలీకానికి ఒక అలవాటుంది. పానకాలు పని చేస్తుంటే ఎదురుగా రంగుల పెట్టె మీద కూర్చుని, తేనె రంగు కళ్ళు విప్పార్చి, రెప్ప వెయ్యకుండా అతన్నే చూసేది. తండ్రి మాట్లాడక ఏడాది అవుతోంది. ఊళ్ళోవాళ్ళు అక్షరాల లావు చూస్తారు గానీ మనిషి ముఖం చూడరు. తన వంక అలా చూసే ప్రాణి ఒకటుందంటే పానకాలుకి కడుపు నిండినట్టుండేది. అన్నం లేని రోజున కూడా.

ఇరుగుపొరుగు సంగతి చెప్పాలి. ఎడం వైపు పాలమ్మే పున్నమ్మ. "మీ పిల్లులు నా పాలు తాగాయిరోయ్!" అని వారానికి మూడుసార్లు వీధెక్కేది. "ఆ పాలు తాగితే వాటికి జలుబు చేసుండేదత్తా, మావి బాగానే ఉన్నాయి" అని పానకాలు ఒకసారి నోరు జారాడు. దాంతో ఆమె నెల రోజులు వీధి దిగలేదు. కుడివైపు దూదేకే బుడే, అతని భార్య రహమతున్నీసా. బుడే మంచివాడే. కానీ ఒక పెళ్ళివారి పరుపు కుట్టేటప్పుడు దూదిలో నిద్రపోతున్న సున్నాన్ని చూసుకోకుండా లోపలే పెట్టి కుట్టేశాడు. పెళ్ళికూతురి తండ్రి పరుపు నొక్కి చూడగానే అది మ్యావుమంది. ఆనాటినుంచి బుడేకి పరుపు కుట్టినప్పుడల్లా చెవి ఆనించి వినడం అలవాటైంది. వీధి చివర మిషను ఆసుపత్రి ఆయా ఎలీసమ్మ. ఊళ్ళో సగం మందిని ఈ లోకంలోకి లాగింది తన చేతులే గనక ఆమెకి ఎవరన్నా భయం లేదు, ఏ మాటకీ సిగ్గు లేదు.

వీళ్ళెవరితోనూ పేచీ లేదు. పేచీ అంతా రోశయ్యగారితో. ఆయన రోజూ మిల్లుకి ఈ వీధినే నడిచి వెళ్ళాలి. గోడౌను ముందుకి రాగానే ఏదో ఒక పిల్లి అడ్డంగా పోవాలి. పిల్లి ఎదురొస్తే ఇంకేముంది, ఆయన వెనక్కి తిరిగి, ఇంటికెళ్ళి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ బయల్దేరేవాడు. మళ్ళీ రెండో పిల్లి. నాలుగు పిల్లులు గదా! కొన్ని రోజులు మధ్యాహ్నం దాకా మంచినీళ్ళు తాగడంతోనే సరిపోయేది. మిల్లు కూత కూసేది గానీ యజమాని వచ్చేవాడు కాదు. కూలీలు మాత్రం పిల్లులకి చాటుగా ఎండుచేప ముక్కలు పడేసేవాళ్ళు.

పుష్యమాసంలో ఒకరోజు రోశయ్యగారు తిన్నగా గోడౌనులోకే వచ్చాడు. మిరపకాయలు కల్లాల మీద ఆరే రోజులు. ఊరంతా ఎర్రగా ఉంది, ఊరంతా తుమ్ముతోంది. ఆయన కూడా రెండుసార్లు తుమ్మి, చేతిలో ఉన్న ఫొటో బల్ల మీద పెట్టాడు.

"మా నాన్నగారు, చలమయ్యగారు. నువ్వు ఈ ఊరొచ్చే ముందే పోయారు. వచ్చే నెల్లో సంవత్సరీకం. నిలువెత్తు పటం వెయ్యాలి."

పానకాలు గుండె ఎగిరి గంతేసింది. బొమ్మ! ఈ ఊళ్ళో మొదటి బొమ్మ! ఫొటో చేతిలోకి తీసుకుని చూస్తే, కుర్చీలో తలపాగాతో కూర్చున్న పెద్దాయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. ముక్కుల్లో దూది.

"పోయాక తీయించాం. బతికుండగా ఫొటో తీయిస్తే ఆయుష్షు తగ్గుతుందని ఆయన ఒప్పుకోలేదు" అన్నాడు రోశయ్యగారు. "కళ్ళు మాత్రం నువ్వు తెరిపించాలి."

ఆ రోజుల్లో అది మామూలే. పెద్దాళ్ళు పోయాకే కుర్చీ ఎక్కేవాళ్ళు, బొమ్మలేసేవాడు వాళ్ళకి కళ్ళిచ్చేవాడు.

"ఇంకో మాట," అని రోశయ్యగారు గుమ్మం మీద పడుకున్న కాటుక వంక అసహ్యంగా చూశాడు. "సంవత్సరీకం అయిన మర్నాడు నా బండి అమరావతి వెళ్తుంది. నీ పిల్లుల్ని గోనెసంచీలో వేసి ఇస్తే కృష్ణ అవతల వదిలేస్తారు. ఏరు దాటిన పిల్లి తిరిగి రాదు. ఇవ్వకపోతే అదే బండిలో నీ సామానెక్కించుకో. కళాకారుడివని గౌరవంతో చెప్తున్నా."

చూశారా, గౌరవం.

పానకాలు ముందు బొమ్మ సంగతి చూద్దామనుకున్నాడు. పటం అంత గొప్పగా కుదిరితే ఆయన మనసు మెత్తబడకపోతుందా అని ఆశ. తలపాగా వేశాడు, మీసం వేశాడు, పంచె మడతలు ఒక్కొక్కటీ లెక్క పెట్టినట్టు వేశాడు. కళ్ళ దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాడు. మనిషిని ఎన్నడూ చూడలేదు. చూసినవాళ్ళనడుగుదామని బయల్దేరాడు.

మిల్లు గుమాస్తా ఖాజావలి ముప్ఫయ్యేళ్ళు ఆయన దగ్గర పనిచేశాడు. "పెద్దయ్యగారి కళ్ళా? నేనెప్పుడూ ఆయన చెప్పులే చూశాను బాబూ. కిర్రుచెప్పులు. కావాలంటే వాటి గురించి గంటసేపు చెప్తా" అన్నాడు. రోశయ్యగారు ఆలోచించి, "నాన్నగారి కళ్ళు... పెద్దవాళ్ళ కళ్ళలాగే ఉండేవి" అన్నాడు. ఆయన భార్య మల్లేశ్వరి, "అయ్యో రామ, మామగారి ముఖం చూడటమా!" అని తలుపు చాటున లెంపలేసుకుంది. చివరికి చలమయ్యగారి భార్య వెంకటేశ్వరమ్మగారిని అడిగితే, ఆమె దొడ్డి గుమ్మంలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తూ, "నాకేం తెలుసు నాయనా? నీకు తోచినట్టు వెయ్యి" అంది. నలభై రెండేళ్ళు కాపురం చేసిన మనిషి! పానకాలుకి ఒళ్ళు మండింది. ఈ కొంపలో ఎవడూ ఎవడి ముఖమూ చూడడా అనుకున్నాడు.

ఇంటికొచ్చి కుంచె పట్టుకుని కూర్చున్నాడు. ఒక రోజు, రెండు రోజులు, వారం. ఏ కళ్ళు పెట్టినా చలమయ్యగారు కాస్తా సంతలో తప్పిపోయిన మనిషిలా కనిపిస్తున్నాడు. ఎదురుగా రంగుల పెట్టె మీద ఇంగిలీకం కూర్చుని ఉంది. సంవత్సరీకం ఇక నాలుగు రోజులు. ఈ చూపు ఇంక నాలుగు రోజులే గదా అనుకునేసరికి పానకాలుకి దుఃఖం ముంచుకొచ్చింది. కళ్ళు తుడుచుకున్నాడు, పంతంగా కుంచె ముంచాడు. ఉన్నదాన్ని ఉన్నట్టు దించాడు. నిలువుగా ఉన్న కనుపాపని గుండ్రంగా దిద్దాడు, తేనె రంగుని కాస్త ముదర వేశాడు, పైన రెండు గుబురు కనుబొమలు తగిలించాడు. పక్కకి జరిగితే చలమయ్యగారు చూశాడు. కిటికీ దగ్గరికెళ్తే అక్కడికీ చూశాడు.

"నిన్నెవరు కృష్ణ దాటిస్తారే?" అన్నాడు పానకాలు పిల్లితో. అది ఆవులించింది.

పటాన్ని రోశయ్యగారి మేడకి మోసుకెళ్ళిన రోజు చూడాలి! రోశయ్యగారు పటం మీది గుడ్డ తొలగించి, చటుక్కున నాలుగడుగులు వెనక్కేసి, చెప్పులు విడిచాడు. ఖాజావలి వెలిగించిన బీడీని గుప్పిట్లోనే నలిపేశాడు. చెయ్యి కాలినా కిక్కురుమనలేదు.

"అచ్చం నాన్నగారే! అవే కళ్ళు!" అన్నాడు రోశయ్యగారు. ఆ కళ్ళెలా ఉండేవో నాలుగు వారాల కింద చెప్పలేకపోయిన మనిషి!

"మరి... పిల్లుల సంగతి..." అని నసిగాడు పానకాలు.

"సోమవారం బండి. సంచీ బుడేకిచ్చా, నీకిస్తాడు."

శనివారం బుడే సంచీ తెచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు. "నా తప్పేం లేదు పానకాలూ. ఆయన స్థలంలోనే నేనూ ఉన్నా" అన్నాడు తల వంచుకుని. లోపల్నుంచి రహమతున్నీసా, "సంచీలో అడుగున దూది పరిచా, వాటికి దెబ్బ తగలకుండా!" అని అరిచింది. దయగల తల్లి. ఉరితాడుకి నూనె రాసినట్టుంది ఆ దయ.

ఆదివారం సంవత్సరీకం. పటాన్ని సరిగ్గా గోడకి బిగించడానికి పానకాలుని రమ్మన్నారు. అతని వెనకే ఇంగిలీకం గోడల మీదుగా నడిచొచ్చిందని అతనికి తెలీదు. హోమం అయింది, మంత్రాలయ్యాయి. నెయ్యి, పాలు కలిపిన అన్నంతో పిండం చేసి, పెరట్లో పిట్టగోడ మీద కాకికి పెట్టారు. కాకి ముడితేనే పోయినవాళ్ళు తృప్తి పడ్డట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు.

కాకి వేపచెట్టు మీదే ఉంది. దిగదు. ఎందుకు దిగుతుంది? పెరటి వసారా పెంకుల మీద ఇంగిలీకం పొంచి ఉంది. కింద ఉన్నవాళ్ళకి అది కనపడదు, కాకికి కనపడుతుంది. ఆ కాస్త తెలివి కాకికుంది.

"నాన్నా, మిల్లు జాగ్రత్తగా చూసుకుంటా" అన్నాడు రోశయ్యగారు చేతులు జోడించి. కాకి కదల్లేదు. "నాన్నా, నీ పేర చలివేంద్రం పెట్టిస్తా." కాకి తల తిప్పుకుంది. రోశయ్యగారి బావగారు సందు చూసుకుని, "ఆ నర్సరావుపేట మూడెకరాలు నాకిస్తానని మామగారు నోటిమాటగా అన్నారు, బహుశా అదేనేమో" అన్నాడు. కాకి ఎగిరి అవతలి కొమ్మ మీదికి పోయింది. "చూశావా, కాదంటున్నారు!" అన్నాడు రోశయ్యగారు. మధ్యాహ్నం దాటిపోతోంది. లోపల్నుంచి గారెల వాసన వస్తోంది. పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టని శాస్త్రిగారు మాటిమాటికీ వంటింటి వైపు చూస్తున్నారు.

అప్పుడు ఇంగిలీకం పెంకుల మీంచి గోడ మీదికి దూకింది. వాసన చూసింది. నెయ్యి వేసిన పిండం మొత్తం తీరిగ్గా తినేసింది. మూతి తుడుచుకుని, అందరి మధ్యనుంచీ నడుచుకుంటూ హాల్లోకొచ్చి, పటం పక్కన నిలబడ్డ పానకాలుని చూసి, అక్కడే పటం కింద చతికిలబడింది. తేనె రంగు కళ్ళు విప్పి, వెనకే వచ్చిన జనం వంక రెప్ప వెయ్యకుండా చూసింది.

పైన రెండు కళ్ళు. కింద రెండు కళ్ళు. ఒకటే చూపు.

"మామగారూ!" అని కెవ్వుమంది మల్లేశ్వరి. రోశయ్యగారు దబ్బున సాష్టాంగపడ్డాడు. పానకాలు ముందుకొచ్చి, "అయ్యా, అది..." అన్నాడు.

"'అది' ఏందయ్యా! 'వారు' అను!" అని గద్దించాడు రోశయ్యగారు నేల మీంచే.

"వాయసమైతేనేం, మార్జాలమైతేనేం? పితృదేవతలు ఫలానా రూపంలోనే రావాలని నియమమేముంది? విస్తళ్ళు వెయ్యండి" అన్నారు శాస్త్రిగారు. అంతకన్నా గొప్ప ధర్మసూక్ష్మం ఆకలితో ఉన్న మనిషి నోట మరొకటి రాదు.

తలుపు దగ్గర వెంకటేశ్వరమ్మగారు కొంగు నోటికడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. పాపం ఏడుస్తోందని అందరూ అనుకున్నారు.

సోమవారం బండి ఖాళీగా అమరావతి వెళ్ళింది. మిగతా మూడు పిల్లులూ నాన్నగారి స్నేహితులని తేలింది గనక వాటి జోలికి ఎవరూ వెళ్ళకూడదన్నారు. ఇక రోశయ్యగారు పొద్దున్నే గోడౌను ముందు ఆగి, పిల్లి ఎదురొస్తేనే శకునం బాగుందని మిల్లుకెళ్ళడం మొదలుపెట్టాడు. ఒక్కోరోజు కాటుక బద్ధకంగా లేవకపోతే, లేచి అడ్డంగా నడిచేదాకా ఎండలో నిలబడేవాడు. పున్నమ్మ ఒకరోజు తనంతట తనే పాలు తెచ్చి, "స్నేహితులకి" అని పోసి వెళ్ళింది. ఆ రోజు నీళ్ళు కాస్త తక్కువే కలిపింది.

అంతా బాగానే ఉంది, ఇంగిలీకం లేదు. అది మేడలో ఉంది. పానకాలు వెళ్ళి అడిగితే, "మా నాన్నని నీ కొంపలో ఉంచమంటావా? బుద్ధుందా?" అన్నాడు రోశయ్యగారు. ఇల్లు నిలబడింది, ఇంటిది పోయింది. ఎలుకలు మళ్ళీ గుడ్డలు కొరుకుతున్నాయి. స్నేహితులు ముగ్గురూ పాలు తాగి పడుకుంటున్నారు. కుంచె పట్టుకుంటే ఎదురుగా ఖాళీ రంగుల పెట్టె. పానకాలు దాని మీద ఒక చెంబు పెట్టి చూశాడు. చెంబు చూడదు గదా.

వారానికోసారి పటం దుమ్ము తుడిచే వంకతో మేడకెళ్ళేవాడు. ఇంగిలీకం చలమయ్యగారి పట్టెమంచం మీద ఉండేది, మెళ్ళో తులసిపూస కట్టి ఉండేది. చేప వాసన గుమ్మం తొక్కని ఇల్లది. పొద్దున పెరుగన్నం, సాయంత్రం పాలన్నం, ఏకాదశి నాడు ఉపవాసం. ఎదురుగా గోడ మీద ఎలుక పోతుంటే, "నాన్నా, మీరిప్పుడు అలాంటివి చెయ్యకూడదు" అని రోశయ్యగారు తలుపులేసేవాడు. పానకాలు కనపడగానే అది గొంతు బొంగురుపోయేలా అరిచేది. మల్లేశ్వరి వినయంగా, "మామగారు అద్దె సంగతి అడుగుతున్నారు కాబోలు" అనేది. అతను ఇంటికొచ్చి ఆ రాత్రంతా అన్నం ముట్టేవాడు కాదు.

ఫాల్గుణం చివర్లో ఎలీసమ్మ వెంకటేశ్వరమ్మగారి మోకాళ్ళకి నూనె రాయడానికి మేడకెళ్ళింది. పట్టెమంచం వైపు చూసింది. దగ్గరికెళ్ళి పొట్ట మీద చెయ్యేసి నిమిరింది. తర్వాత వీధి గుమ్మం దాకా వినపడేలా, "అమ్మా మల్లేశ్వరీ! మీ మామగారికి నెలలు నిండాయి!" అంది.

ఆ మాట సాయంత్రానికి మిల్లు చేరింది, పొద్దుగూకేసరికి మిరప కొట్లన్నీ చుట్టింది. "చలమయ్యగారికి సీమంతం ఎప్పుడంటా?" అని బండివాళ్ళు కూడా అడగడం మొదలెట్టారు. బావగారు మూడెకరాల కడుపుమంట అంతా తీర్చుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం రోశయ్యగారు గోడౌను తలుపు తన్నుకుని వచ్చాడు. ముఖం కల్లంలో ఆరేసిన మిరప్పండులా ఉంది.

"ఒరేయ్! అది ఆడదని ముందే చెప్పొద్దుట్రా?"

"చెప్పబోతే 'వారు' అనమన్నారు గదండీ."

"నోర్ముయ్! ఆ పటం కళ్ళు చెరిపి, ఫొటోలో ఉన్నట్టు మూసిన కళ్ళు వెయ్యి. ఇవాళే! వేసి, ఉగాది లోపల నువ్వూ నీ పిల్లులూ ఈ ఊళ్ళో కనపడకూడదు. మా వంశాన్నే నవ్వులపాలు చేశావు!"

 అయిపోయింది అనుకున్నాడు పానకాలు. బొమ్మా పోయింది, ఇల్లూ పోయింది. సంచీ ఎక్కడుందా అని చూస్తున్నాడు. అంతలో వీధిలో గూడుబండి ఆగింది. ఏడాదిగా గడప దాటని వెంకటేశ్వరమ్మగారు బండి దిగింది. ఒళ్ళో ఇంగిలీకం. వెనక ఎలీసమ్మ. వాళ్ళని చూసి పున్నమ్మ, బుడే, రహమతున్నీసా కూడా వచ్చేశారు.

"అమ్మా, నువ్వెందుకొచ్చావ్?" అన్నాడు రోశయ్యగారు హడలిపోయి.

"తొలికాన్పు పుట్టింట్లో చేయించాలా వద్దా? నీకు చెల్లెళ్ళు లేరా, నీ పెళ్ళాం పుట్టింటికి వెళ్ళలేదా? ఇది దీని పుట్టిల్లు, తీసుకొచ్చా" అంది ఆమె. పిల్లి నుదుటికి కుంకుమ కూడా పెట్టి తెచ్చింది. "నువ్వు బయట నిలబడు. మగాళ్ళకి ఇక్కడేం పని?"

బుడే గబగబా తన ఇంట్లోంచి ఏకిన దూది ఒక గంపెడు తెచ్చి పోశాడు. ఇంగిలీకం వెంకటేశ్వరమ్మగారి ఒళ్ళోంచి దిగి, గోడౌనంతా ఒకసారి వాసన చూసి, రంగుల పెట్టె ఎక్కి, పానకాలు వంక చూసింది. అతనికి కళ్ళ నీళ్ళాగలేదు. సిగ్గుపడకుండా ఏడ్చాడు. "పుట్టింటివాడు ఏడవకూడదు, వేణ్ణీళ్ళు పెట్టు" అని కసిరింది ఎలీసమ్మ.

ఎండ వాలేసరికి నాలుగు పిల్లలు పుట్టాయి. రెండు ఎరుపు, రెండు తండ్రి విషయంలో ఎవరికీ అనుమానం లేకుండా కాటుక నలుపు. ఒక్కో పిల్లా వస్తున్నప్పుడు ఇంగిలీకం పళ్ళు బిగించి మూలుగుతుంటే, వెంకటేశ్వరమ్మగారు పక్కన కూర్చుని దాని వీపు రాస్తూ, "ఏడుగుర్ని కన్నాను. ఒక్కసారైనా గదిలోకి తొంగిచూసి ఎట్లా ఉన్నావని అడిగావా? తెలుస్తోందా ఇప్పుడు?" అంటూ, మళ్ళీ వెంటనే, "లేదులేవే తల్లీ, నిన్ను కాదు" అని సముదాయించింది.

పానకాలు ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇంక దాచలేననిపించింది.

"అమ్మా, తప్పు చేశాను. పటంలో ఉన్నవి అయ్యగారి కళ్ళు కావు. ఇంగిలీకం కళ్ళు."

"తెలుసు నాయనా."

"ఎప్పట్నుంచి?"

"గోడకెక్కించిన రోజునుంచే. వంటింట్లోంచి వస్తే నా వంక చూసింది. దొడ్లోకి వెళ్తుంటే చూసింది. అన్నం తింటుంటే, తిన్నావా అన్నట్టు చూసింది. మా ఆయన నలభై రెండేళ్ళలో ఒక్కనాడు నా ముఖం చూడలేదు. నువ్వొచ్చి ఆయన కళ్ళెలా ఉండేవని అడిగితే నేనేం చెప్పను? నాకు తెలిస్తే గదా."

 ఎలీసమ్మ అంతటి ఎలీసమ్మ కూడా మొహం తిప్పుకుని దూది సర్దింది. పున్నమ్మ కొంగుతో ముక్కు చీదుకుని మిరప ఘాటు మీద నెపం వేసింది.

బయట్నుంచి రోశయ్యగారు ఉండబట్టలేక తల లోపలికి పెట్టాడు. "అమ్మా, మరి ఆ పటం... ఊళ్ళో అందరూ నవ్వుతున్నారు. కళ్ళు ముయ్యమని చెప్పాను..."

వెంకటేశ్వరమ్మగారు లేచి నిలబడింది.

"రోశయ్యా, ఆ కళ్ళ మీద కుంచె పడినా, ఈ పిల్లాణ్ణి ఈ ఇంట్లోంచి కదిపినా, బుడే దగ్గర గోనెసంచీ ఇంకా ఉంది. అడుగున దూది కూడా పరిచి ఉంది. నిన్ను అందులో వేయించి కృష్ణ అవతల దింపిస్తా. నవ్వేవాళ్ళని నవ్వనీ. ఇన్నేళ్ళకి ఆ ఇంట్లో ఒకళ్ళు నా వంక చూస్తున్నారు. చూడనీ."

ఆ మాట అని, బండెక్కే ముందు వెనక్కి తిరిగి, "పానకాలూ, పురుడెళ్ళేదాకా దానికి పెరుగన్నం పెట్టకు, ఎండుచేపలు తెప్పించు" అంది.